గాజుకొండ సొరంగంలో అయిదు వారాలు

ముందే చెప్పేస్తున్నాను, నాకు ఆ నవల ఏమంత నచ్చలేదు. గాజుతో కొండేమిటి, దానికి ఒక కావలివాడేమిటి, ఆ కావలివాడికి గబ్బిలాల భాష రావడమేమిటి అని మొదటి శుక్రవారమే అడిగేశాను. పక్క మంచం మీద కూర్చుని చదువుతున్న ఖాజావలి పేజీలో వేలు పెట్టి ఆపి, నా వైపు జాలిగా చూశాడు.

“నీది స్టోరు ఉద్యోగం కదన్నా, లిస్టులో ఉంటేనే వస్తువు ఉన్నెట్టు నీకు. కొంచేపు ఊరకుండు, వీళ్లు ఇంటాండారు” అన్నాడు.

వీళ్లంటే ముఖ్యంగా నర్సింలు. రియాద్‌లో, బతా అనే పేటలో, ఒక దర్జీ కొట్టు పైన రెండో అంతస్తులో మా గది. ముగ్గురం ఒక ఆసుపత్రి మరమ్మతు పనులు చూసే కంపెనీలో చేస్తున్నాం. నేను స్టోర్ కీపర్ని, మాది తెనాలి. నర్సింలు ప్లంబరు, వాళ్లది జగిత్యాల దగ్గర పల్లె. ఖాజావలి నర్సుల బస్సు నడుపుతాడు, ఆయనది రాయచోటి. నాలుగో మంచం మీద మనుషులు మారుతూ ఉంటారు గానీ మేం ముగ్గురం పన్నెండేళ్లుగా ఆ గదిలోనే పడి ఉన్నాం. నేను రాకముందు నుంచే వాళ్లిద్దరూ కలిసి ఉంటున్నారు. మొదట జిజాన్‌లో ఒకే కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర, మామిడి తోటలో పనిచేసి, ఆ తర్వాత ఈ కంపెనీకి మారారు.

ఆ నవల పేరు “గాజుకొండ కావలి”. ఖాజావలికి పదహారేళ్లప్పుడు ఒక వారపత్రికలో అరవై నాలుగు వారాలు ధారావాహికగా వచ్చింది. పుస్తకంగా ఎప్పుడూ రాలేదు. రచయిత ఆ తర్వాత రెండేళ్లకే పోయాడట. రాయచోటిలో ఖాజావలి మేనమామకి పాత పేపర్ల కొట్టు ఉండేది. తూకానికి వచ్చిన పత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి, వరసగా పేర్చి, గోనె సంచులు కుట్టే దబ్బనంతో, పురికొసతో తనే కుట్టుకున్నాడు. పైన పెళ్లిపత్రిక అట్ట వేశాడు. ఆ కాలంలో ఇంటింటా అందరూ చేసిన పనే అది. మా అమ్మ కూడా చేసింది. కాకపోతే మా అమ్మ దాన్ని పెట్టెలో దాచి మర్చిపోయింది. ఈయన దాన్ని సౌదీ పట్టుకొచ్చాడు.

ప్రతి శుక్రవారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, ఒక వారం భాగం. అంతే చదువుతాడు. ఇంకొంచెం చదవమని బతిమాలినా చదవడు. “వారం ఆగితేనే కథ” అంటాడు. ఆ లెక్కన ఏడాదీ రెండు మూడు నెలలకి పుస్తకం ఒకసారి పూర్తవుతుంది, మళ్లీ మొదటి పేజీకి వస్తాడు. నర్సింలు మూడో తరగతితో బడి మానేసినవాడు. బస్సు బోర్డు చదువుతాడు, అంతకు మించి అక్షరాల జోలికి పోడు. కానీ కథలో ఒక్క మాట తేడా వచ్చినా పట్టేస్తాడు.

ఆయన చదువుతుంటే నేనూ వినేవాణ్ణి, చెప్పకేం. గొంతు పెద్దది కాదు. నాలుగింటికి లేచి, అయిదింటికి మొదటి ట్రిప్పు ఎక్కించి, రోజంతా స్టీరింగు పట్టుకున్న మనిషి గొంతు ఎలా ఉంటుందో అలాగే ఉండేది. బస్సులో నర్సులు నిద్రపోతారని ఏళ్ల తరబడి రేడియో పెట్టని మనిషాయన. ఎక్కడా గొంతు పెంచడు, నాటకమాడడు. భార్య జాహెదా బేగంతో ఫోన్లో కూరల గురించి ఎలా మాట్లాడతాడో, ఏడుగురు రాకుమారులు గాజుబొమ్మలైపోయిన సంగతీ అలాగే చెప్తాడు. ఒక్క సొరంగం భాగం వచ్చినప్పుడు మాత్రం పుస్తకం వైపు చూసేవాడు కాదు. కంఠతా వచ్చుననుకున్నాను.

ఆ భాగం నాకూ నచ్చింది, అది మాత్రం ఒప్పుకోవాలి. కావలివాడు సుధన్వుడు కొండ కింద సొరంగంలోకి దిగుతాడు. కాగడా ఆరిపోతుంది. చిమ్మచీకట్లో ఒక పిల్ల ఎదురవుతుంది, చేతిలో చిన్న దీపం. దారి చూపిస్తూ అయిదు వారాలు అతని ముందు నడుస్తుంది. చివరి మలుపు దగ్గర ఆమె ఇక ముందుకు రాదు. ఒక్క దీపమే ఉంది కాబట్టి, మండుతున్న వత్తిని తీసి అతని అరచేతిలో పెడుతుంది. చెయ్యి కాలుతున్నా మూసిన పిడికిలితో అతను బయటపడతాడు. ఆ పిల్ల వెనక చీకట్లో ఉండిపోతుంది. ఆమె పేరు ఉజ్వల.

నర్సింలు తన కూతురికి ఆ పేరే పెట్టాడు. జిజాన్‌లో ఉండగానే నిశ్చయించుకున్నాడట, ఆడపిల్ల పుడితే ఉజ్వల అని. ఆ తర్వాత ఆరేళ్లకి పుట్టింది. ఇంట్లో వాళ్లు పెద్దమ్మ పేరు పెట్టాలని పట్టుబడితే, ఇక్కణ్ణించి ఫోన్లోనే పోట్లాడి పెట్టించాడు. ఆ పిల్లకి ఇప్పుడు పదిహేడేళ్లు. జగిత్యాలలో ఇంటర్ రెండో సంవత్సరం. నర్సింలు ఆ పిల్లతో కలిసి ఉన్న రోజులు లెక్కేస్తే ఒక ఏడాదికి మించవు. తండ్రి ఇచ్చిందల్లా ఆ పేరూ, ఫోన్లో చెప్పిన ఆ పేరు కథా అని ఆ పిల్లే ఒకసారి అంది. నర్సింలు ఆ మాటని గొప్పగా మాకు చెప్పుకున్నాడు.

పదేళ్ల కిందట ఖాజావలికి నడుము పట్టేసి నెలరోజులు మంచం మీద ఉన్నాడు. శుక్రవారం వచ్చింది. కథ ముప్పై ఏడో వారం దగ్గర ఉంది. నర్సింలు పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

“సార్, ఇయ్యాల నువ్వు చదువు. ఉజ్వల వచ్చే వారం ఇది” అన్నాడు.

ముప్పై ఏడో వారం చదివాను. “కాగడా ఆరిపోయినది. చిమ్మచీకటి” అన్న చోట పేజీ అయిపోయింది. తర్వాతి పేజీ తిప్పితే పైన నలభై మూడో వారం అని ఉంది. “చీకటిని దాటి వెలుపలికి వచ్చిన సుధన్వుడు కాలిన తన కుడి అరచేతిని చూచుకొని నిట్టూర్చెను” అని మొదలవుతోంది. వెనక్కీ ముందుకీ తిప్పాను. మధ్యలో అయిదు వారాలు లేవు. పేజీలు చినిగి ఊడిపోయిన జాడ కూడా లేదు. అసలు కుట్టనేలేదు. తల ఎత్తి చూస్తే ఖాజావలి వెల్లకిలా పడుకుని నన్నే చూస్తున్నాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తు. అప్పులవాడికి దొరికిపోయిన మనిషి కూడా అలా చూడడు.

“నా కళ్లద్దాలు పనిచెయ్యట్లేదయ్యా, మార్పించుకోవాలి. వచ్చే వారం చూద్దాం” అని పుస్తకం మూసేశాను.

నర్సింలు విసుక్కుంటూ టీకి వెళ్లాక ఖాజావలి చెప్పాడు. ఆ అయిదు వారాల పత్రికలు వాళ్ల మామ కొట్టుకి రానే లేదు. ఏ బజ్జీల బండికో పోయి ఉంటాయి. కడప గ్రంథాలయంలో అడిగితే ఆ ఏటి సంపుటాన్ని చెదలు తినేశాయన్నారు. జిజాన్‌లో మొదటిసారి నర్సింలుకి చదివి వినిపిస్తున్నప్పుడు ముప్పై ఏడో వారం దగ్గర ఆగాల్సి వచ్చింది.

“ఇక లేదని చెప్పేస్తే సరిపోయేది కదయ్యా” అన్నాను.

“వాని మొకం నువ్వు చూళ్లేదన్నా. ఇంటి నుంచి మూన్నెల్లుగా ఒక ఉత్తరం ల్యా. తర్వాతేమైందని అడుగుతాండాడు. చీకట్లో మనిషిని నిలబెట్టి, ఇంతే, ఇంకేం లేదని ఎట్ల చెప్పేది? చెయ్యి కాలిందని తర్వాతి పేజీలో ఉండాది కదా, అందుకని ఒక దీపం పెట్టినా. దీపం పట్టుకునేదానికి ఒక పిల్లను పెట్టినా. పిల్ల పేరేందని అడిగినాడు. వెలుగంటే మా ఇంట్లో మాట కదన్నా, ఉజాలా అని నోట్లోకొచ్చింది. రాజుల కథలో ఉర్దూ పేరు యాడిది అంటాడేమోనని నోట్లోనే తిప్పి ఉజ్వల అనేసినా.”

నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. అప్పటికే ఆ పిల్ల రెండో తరగతి. బడి రిజిస్టరులో, ఆధార్‌లో, రేషను కార్డులో అంతటా అదే పేరు. చెప్పెయ్యమని పోరాను. చెప్తాను చెప్తాను అన్నాడు. ఏడాది తర్వాత నేనూ పోరడం మానేశాను. పని, ఎండ, వంట వంతులు, ఇకామా అనే నివాస కార్డు రెన్యువల్ గొడవలు, వీటన్నిటి మధ్య ఒక పాత అబద్ధాన్ని గుర్తుపెట్టుకుని కోప్పడే ఓపిక ఎవరికుంటుంది?

అలా ఉండగా రెండేళ్ల కిందట ఆ నవలని సినిమా తీస్తున్నారని వార్త వచ్చింది. తాతల నాటి జానపద నవల, అయిదు భాషల్లో, భారీ గ్రాఫిక్సు. నర్సింలు ఆ వార్త వీడియోని వందసార్లు చూసుంటాడు. ప్రతి పోస్టరులోనూ దీపం పట్టుకున్న పిల్ల కోసం వెతికేవాడు. కనబడకపోతే “దాచిపెట్టిన్రు సార్, సస్పెన్సు” అనేవాడు. జగిత్యాలలో ఉజ్వల కాలేజీ అంతా చెప్పుకుంది, సినిమాలో ఉన్నది నా పేరే, మా బాపు ఆ కథలోంచే పెట్టాడని.

విడుదలకి వారం ముందు ఖాజావలిని మెట్ల మీద పట్టుకున్నాను.

“ఇప్పుడైనా చెప్పవయ్యా. సినిమా చూసి తెలుసుకోవడం కంటే నీ నోటితో వినడం నయం కదా.”

ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. మధ్యాహ్నం ట్రిప్పు దింపి వచ్చిన మనిషి, చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది.

“ముప్పై మూడేళ్లన్నా. ఆ అయిదు వారాల్లో ఏముండాదో నాకూ తెల్దు. ఇన్నాళ్లకి చూడబోతాండా. ఏమో, నిజంగానే ఒక పిల్ల ఉండాదేమో. ల్యాకపోతే చెయ్యి ఎట్ల కాలుతుంది? ఎవరో ఒకరు నిప్పు ఇచ్చుండాల కదా” అన్నాడు.

అంత తెలివైన మనిషి అంత అమాయకంగా ఆశపడుతుంటే, నేను చెయ్యి అందించి లేపాను.

శుక్రవారం జుమ్మా నమాజు నుంచి ఖాజావలి వచ్చాక, ముగ్గురం మెట్రో ఎక్కి ఊరికి ఆ చివరనున్న మాల్‌కి వెళ్లాం. నర్సింలు ఇస్త్రీ చొక్కా వేశాడు. ఖాజావలి పండగ జుబ్బా వేసి అత్తరు పూసుకున్నాడు. హాల్లో సగానికి పైగా మనవాళ్లే. ముందు వరసలో ఎవరో ఈల వేస్తే గేటు దగ్గర కుర్రాడు వచ్చి వద్దని చెప్పి వెళ్లాడు.

సినిమా గురించి నన్నడిగితే ఒకటే మాట, చెవులు పోయాయి. కావలివాడు కావలివాడు కాడట, తప్పిపోయిన యువరాజట. ఈ మాట తెలియగానే హాలంతా చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. నచ్చని నవలే అయినా, అందులో వాడు ఊరి కావలివాడు, నెలకింత గింజలు తీసుకుని రాత్రంతా మేలుకునేవాడు. అందుకే గదా ఖాజావలికీ నర్సింలుకీ వాడంటే అంత ప్రాణం! యువరాజుల సంగతి వీళ్లకెందుకు? కానీ ఖాజావలికి కోపం రాలేదు. తెర వైపు కళ్లప్పగించి, పెదాలు కదుపుతూ, పక్కన నాకు మాత్రం వినబడేలా లెక్కపెట్టుకుంటున్నాడు. “ఇది పదకొండో వారం.” కాసేపటికి, “పదిహేడు. గబ్బిలాలు.” మళ్లీ, “ఇరవై తొమ్మిదీ ముప్పై కలిపేసినారు.”

సుధన్వుడు సొరంగం ముందు నిలబడ్డాడు. ఖాజావలి నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ పక్కన నర్సింలు ముందుకి వంగి ఫోన్ జేబులోంచి తీసి సైలెంటులో పెట్టాడు. సుధన్వుడు దిగాడు. కాగడా రెపరెపలాడింది. ఆరిపోయింది. తెరంతా నలుపు.

ఆ నలుపు మీద విశ్రాంతి అన్న అక్షరాలు పడ్డాయి. కింద అరబ్బీలో కూడా అదే మాట వేశారు. మన ఊళ్లోలా ఇక్కడ విశ్రాంతికి దీపాలు వెయ్యరు, సినిమా ఆపరు. రెండు క్షణాలు ఆ అక్షరాలు నిలిచాయి, పోయాయి. మరుక్షణం ఎండలో, గుర్రం మీద, వెనక రెండొందల మంది నాట్యగత్తెలతో సుధన్వుడు పాట పాడుతున్నాడు. చేతికి చిన్న గాయం కూడా లేదు.

నా మణికట్టు మీద పట్టు సడలింది.

“నలభై మూడు” అన్నాడు ఖాజావలి.

తీసినవాడి దగ్గరున్న పుస్తకంలో కూడా ఆ అయిదు వారాలు లేవేమో, ఆయన మామ కొట్టులాంటి కొట్టే వాడికీ ఒకటి ఉందేమో అని నాకు అనుమానం. అంతకన్నా పెద్ద కారణం ఏదో ఉంటే సినిమావాళ్లే చెప్పాలి. నేను ఖాజావలి వైపు తిరిగి ఏదో అనబోయాను. ఆయన అప్పటికే సీట్లో వెనక్కి జారి, గడ్డం ఛాతీకి ఆనించి నిద్రపోతున్నాడు. ముప్పై మూడేళ్లు ఎదురుచూసిన కథని సగంలో వదిలి నిద్రపోయాడంటే ఎవరూ నమ్మరు. నేను నమ్ముతాను. ఆయన లేచింది నాలుగింటికి. ఎదురుచూసింది అయిపోయింది, ఇక మేలుకుని ఉండడానికి ఆయనకి కారణం లేదు. నేను లేపలేదు.

నర్సింలు మాత్రం చివరిదాకా కూర్చున్నాడు. “ఫ్లాష్‌బ్యాక్‌ల వస్తది సార్” అని రెండుసార్లు అన్నాడు. పేర్లు పడుతున్నప్పుడు కూడా లేవలేదు. హాలు ఊడ్చేవాళ్లు వచ్చాక లేచాడు.

బయట ఫుడ్‌కోర్టులో ఒక బల్ల దగ్గర కూలబడ్డాం. నర్సింలు ఫోన్ తీసి చూస్తే పదకొండు మిస్డ్ కాల్స్, అన్నీ ఉజ్వలవే. ఆ పిల్ల స్నేహితురాళ్లతో మ్యాట్నీకి వెళ్లింది. మాకంటే ముందే చూసేసింది. నర్సింలు ఫోన్ చేసి బల్ల మీద పెట్టి స్పీకర్ వేశాడు.

“బాపూ, ఏడికి పోయినవ్? ఎన్నిసార్లు చెయ్యాలె? ఉజ్వల ఏది సినిమాల? అందరు నవ్విన్రు నన్ను. నీ క్యారెక్టరు ఏ సీన్ల ఉన్నదని ఇంటర్వెల్‌ల అడిగిన్రు, అయిపోయినంక గూడ అడిగిన్రు. నా ఇజ్జత్ పోయింది.” గొంతు బొంగురుపోయి ఉంది. ఏడ్చి ముఖం కడుక్కున్నట్టుంది.

“తీసేసిన్రు బిడ్డా, దొంగలు” అన్నాడు నర్సింలు. “మంచి సీను తీసేసి పాట పెట్టుకున్నరు. నువ్వేం రంది పడకు. ఖాజన్న కాడ అసలు బుక్కు ఉన్నది గదా. గా అయిదు వారాల పేజీలు ఇయ్యాల్నే ఫోటో కొట్టి పంపుతడు. రేప్పొద్దున కాలేజీల అందరి మొకం మీద పెట్టు. ఇగో, పెద్దబాపుతోని మాట్లాడు.”

ఫోన్ ఖాజావలి వైపు జరిపాడు. ఖాజావలి నా వైపు చూశాడు. నేను బల్ల మీద ఎవరో వదిలేసిన కాగితపు గ్లాసు వైపు చూశాను. పదేళ్లుగా తెలిసి నోరు మూసుకున్నవాణ్ణి, ఆ నిమిషంలో ఏం సాయం చేస్తాను? సిగ్గేసింది.

“పెద్దబాపూ, ఫోటోలు మంచిగ కనవడేటట్టు తియ్యి. పేజీ నంబరు గూడ రావాలె” అంది ఉజ్వల.

“ఆ పేజీలు లేవు తల్లీ” అన్నాడు ఖాజావలి.

“పోయినయా?”

“పోలేదు. నా దగ్గర ఎప్పుడూ లేవు. ఆ అయిదు వారాలు నాకు దొరకలేదు. మీ బాపు అడిగితే, నోటికొచ్చింది నేనే చెప్పినా. సినిమావాళ్లు ఏం తీసెయ్యలేదమ్మా. ఆ పిల్ల పుస్తకంలోనే లేదు.”

అవతల ఆటో హారన్ వినబడింది, ఎవరో నవ్వుకుంటూ పోయారు. నర్సింలు కదల్లేదు.

“మరి నా పేరు?”

“నేను పెట్టిందే.”

ఫోన్ కట్టయిందేమోనని నేను వంగి చూశాను, సెకన్లు నడుస్తూనే ఉన్నాయి.

“రేపు కాలేజీల నేనేం చెప్పాలె?” అంది.

“ఖాజావలి అనే ఆయన చెప్పిన కథలో పేరని చెప్పు.”

“ఖాజావలి ఎవలని అడుగుతరు.”

ఇరవై నాలుగేళ్లలో ఆయన్ని ఈ దేశంలో ఆ ప్రశ్న అడిగింది చెక్‌పోస్టుల దగ్గరే. అక్కడ నోరు తెరవాల్సిన పని లేదు, ఇకామా కార్డు తీసి ఇస్తే వాళ్లే చదువుకుంటారు. ఈసారి ఆయన చెయ్యి జేబు దాకా కూడా పోలేదు.

“బస్సు డ్రైవరని చెప్పు తల్లీ” అన్నాడు.

“సరే” అంది ఆ పిల్ల, చిన్న గొంతుతో. తర్వాత “ఉంట” అని పెట్టేసింది.

నర్సింలు ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాడు. నా వైపు తిరిగాడు.

“సార్, నీకు ఎర్కనా?”

“తెలుసు. నీ కూతురు రెండో తరగతిలో ఉన్నప్పటి నుంచీ తెలుసు.”

“మంచిది” అన్నాడు. తిడితే బాగుండుననిపించింది. లేచి మెట్రో వైపు నడిచాడు. మేమిద్దరం వెనక నడిచాం. బయట ఎండ ఇంకా దిగలేదు, రోడ్డు మీద వేడి ముఖానికి కొడుతోంది. ఖాజావలి నడుము మీద చెయ్యి వేసుకుని, రెండడుగులకోసారి ఆగుతూ వచ్చాడు. నర్సింలు వెనక్కి తిరిగి చూడలేదు. కానీ అంత దూరం పోలేదు కూడా. మేం ఆగినప్పుడల్లా అతనూ ఆగాడు.

స్టేషన్లో రైలుకి ఆరు నిమిషాలుందని బోర్డు చెప్తోంది. బల్ల మీద ముగ్గురం కూర్చున్నాం, మధ్యలో ఖాజావలి.

“కోపం వచ్చిందా నర్సింలూ?” అన్నాడు ఖాజావలి. “తిట్టు, పడతా. అబద్ధం చెప్పినా, నిజమే.”

“అబద్ధమైతే ఏమాయె” అన్నాడు నర్సింలు, నేల వైపు చూస్తూ. “కథనే అబద్ధం గదా. నువ్వు చెప్పినవ్, నేను ఇన్న. గా సంగతి కాదు.” ఖాజావలి వైపు తిరిగాడు. “ఆ పిల్లను నువ్వే పుట్టిచ్చినవంటివి. నీ నోట్లనే ఉండె గదా, ఏం చేస్తే గది అయితుండె. పుస్తకంల రాసినాయిన ఇడిసిపెట్టిండేమో, పెద్దాయిన, ఆయినకేం కారణమున్నదో అనుకున్న ఇన్నేండ్లు. నువ్వెందుకు ఇడిసిపెట్టినవ్ ఖాజన్నా? గంత మంచి పిల్లను చీకట్ల ఎందుకు ఇడిసిపెట్టినవ్?”

ఖాజావలి ముఖం రెండు చేతులతో తుడుచుకున్నాడు.

“నాకు తెలిస్తే కదా” అన్నాడు. “అప్పటికి మనం ఆ తోటలో పడి పదకొండు నెలలు. పాస్‌పోర్టులు కఫీల్ బీరువాలో. ఇంటికి పంపమంటే రేపు రేపు అంటాడు. గేటు దాటి పోతే పట్టుకుంటారు. బయటికి యా దావన పోవాల్నో నాకే తెల్దు నర్సింలూ. నాకు తెలియని దావ ఆ పిల్లకి ఎట్ల చూపించేది? ఆ కావలోన్నంటే తర్వాతి పేజీ బయటికి తెచ్చింది. ఆ పిల్లకి తర్వాతి పేజీ ల్యాకపాయె.”

నర్సింలు తలూపాడు. అతనికి ఆ తోట గుర్తు లేకుండా ఉంటుందా? ఆ రేకుల గదిలో ఆ మాటలు విన్నది అతనే. నేను ఇద్దరి మధ్యా ఇక అయిపోయిందనుకున్నాను. రైలుకి రెండు నిమిషాలుంది.

“మల్ల మనమైతే ఎల్లినం గదా ఖాజన్నా” అన్నాడు నర్సింలు. “జిజాన్‌కెల్లి బయటపడి రియాదుకు వస్తిమి. కొత్త కంపెనీ, కొత్త ఇకామా. గా ఏడు గూడ చదివినవ్, మరుసటేడు గూడ చదివినవ్. పదిహేను సార్లు చదివినవ్. అప్పుడన్న బయటికి తీస్కరావొద్దా?”

ఖాజావలి తలెత్తాడు. కళ్లు ఎర్రబడ్డాయి. అంతకుముందు సినిమా హాల్లో రాని నీళ్లు అప్పుడొచ్చాయి.

“మర్చిపోయినా” అన్నాడు. “మనం బయటపడినాక, ఆ పిల్ల లోపలుందని మర్చిపోయినా నర్సింలూ.”

రైలు వచ్చింది. ముగ్గురం ఎక్కాం.